అగ్గి పెట్టిన చెయ్యి

"నాయనకు బదులు నేను పోతాండా."

అన్వర్ బాషా ఆ మాట అన్నాక ముగ్గురిలో ఎవరి చెయ్యీ పళ్లెంలోకి పోలేదు.

పులుసు గంటె అమీర్‌బీ చేతిలోనే ఆగిపోయింది. దాని అంచు నుంచి చింతపులుసు చుక్క చుక్కగా చాప మీద పడుతూ ఉంది. కువైట్‌లోని రుమైథియాలో, అమీర్‌బీ మామా అని పిలిచే యజమానురాలి పెద్ద విల్లా వెనక, కార్ల షెడ్డుకు అంటుకుని ఉన్న ఈ పనివాళ్ల గదిలో ముగ్గురూ కలిసి తినేది శుక్రవారం మధ్యాహ్నం ఒక్కపూటే. అల్ రాయ్ గ్యారేజీ నుంచి కొడుకు వస్తాడని ఆమె తెల్లారకముందే లేచి వండింది. అదంతా ఇప్పుడు చల్లారిపోతోంది.

"యాడికి పోతాండావు?" అంది, తెలిసే.

"యాడికేంది? ఓడ మీదికి. నాయన పేరు కొట్టేసినారు గదా. బాయిలర్ కాడ నిలబడేదానికి మనిషి కావాల. నేనొస్తానని చీఫ్ సాబ్‌కు చెప్పొచ్చినా. కఫీల్‌ కూడా, అదే వీసా ఇచ్చిన షావుకారి, రెండు నెల్లు సెలవిచ్చినాడు. ఖలాస్."

"ఖలాసా? నేను కంటి, నేను పెంచితి. ఖలాస్ అని చెప్పేదానికి వాడెవుడు, నువ్వెవుడు?"

హుస్సేన్ పీరా తలెత్తలేదు. అన్నంలో గుంట చేసి, అందులో పులుసు ఇంకిపోవడం చూస్తూ కూర్చున్నాడు. అతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలో ఎక్కడో తలుపు గొళ్లెం కదిలినట్టు చిన్న చప్పుడు.

"ఏమయ్యా, నీ కొడుకు ఏమంటాండాడో ఇంటివా?"

"ఇన్యాలే."

"ఇని గమ్మునుండావా! టీవీలో సూళ్లేదా నువ్వు? మొన్న మామా చూస్తా ఉంటే నేను వాకిట్లో నిలబడి సూసినా. నడి సముద్రంలో నూనె ఓడ కాలిపోతాంది. నీళ్ల మీద మంట! యాడన్నా నీళ్లు కాలతాయా? పక్క దేశాలోళ్లిద్దరికీ యుద్ధమైతే మధ్యలో పొయ్యే ఓడ మీద బాంబేస్తాండారు. ఆ దావలోనే గదా వీడు పోవాల?"

"అది నూనె ఓడమ్మా. మాది ఉత్త ముసల్ది. దాని మీద బాంబేసినా బాంబే దండగ." అన్వర్ నవ్వాడు. "నీకు లిఫ్టన్నా భయమే, ఏసీ అన్నా భయమే. ఫ్రిజ్జు పేల్తాదని ఆ మూలకు పండుకునేది మానేసినావు. మామా కారుకు నిమ్మకాయ కడితివి. నీ మాట ఇంటే మనుషులు మంచం దిగకూడదు."

"మంచం మీద గూడా చస్తారురా నాయనా," అంది అమీర్‌బీ. ఆ మాటకు తనే భయపడి చెంపలేసుకుంది.

*

అల్ లూలువా అంటే ముత్యం. షువైఖ్ రేవులో గోడకు కట్టేసి ఉన్న ముసలి ప్రయాణికుల ఓడకు కువైట్‌లో పెట్టిన పేరది. తెల్ల రంగు పొరల కింద దాని పాత పేరు ఇంకా ఉబ్బెత్తుగా తగులుతుంది. లేడీ అడెలా. మొదటి ప్రపంచ యుద్ధం రాకముందు దొరల దేశంలో కట్టారు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి నుంచి దొరలనూ దొరసానులనూ మోసింది. వయసు మళ్లాక హాజీలను మోసింది. కువైట్‌లో వచ్చేపోయేవాళ్లకు హోటళ్లు చాలని రోజుల్లో ఎవరో కొనుక్కొచ్చి, కదలకుండా కట్టేసి, దాన్నే హోటలు చేశారు. ఇప్పుడు ఎటు చూసినా హోటళ్లే. అందుకని ఓడను విరిచేవాళ్లకు అమ్మేశారు.

గుజరాత్ ఒడ్డున ఓడలు విరిచే చోటు ఒకటుంది. అక్కడికి పోయిన ఓడ లంగరు వేయదు. పెద్ద పోటు వచ్చే రోజు చూసుకుని, ఉన్న ఆవిరంతా ఇచ్చి, నిండు పరుగుతో పోయి ఇసుకలోకి ఎక్కాలి. నీరు వెనక్కి పోయాక అది ఇక కదలదు. ఆ పరుగు పెట్టే శక్తి లేని ఓడలను తాళ్లు కట్టి లాక్కుపోతారు.

"సచ్చిన గొడ్డును ఈడ్చినట్ల ఈడ్చద్దండి సార్. దాని కాళ్ల మీద దాన్ని పోనియ్యండి. నేను మంట పెడతా," అని హుస్సేన్ పీరా చీఫ్ ఇంజనీరు కాళ్లూ గడ్డం పట్టుకుని బతిమాలి ఒప్పించాడు.

ఎందుకంత పట్టుదలంటే, అది అతని నాయన పనిచేసిన ఓడ. ఖాదర్ వలి రాయచోటి పక్క పల్లెనుంచి కరువులో పారిపోయి బొంబాయి చేరి, ఆ ఓడలోనే ఆగ్‌వాలాగా, అంటే బాయిలర్ పొయ్యిలకు బొగ్గేసే మనిషిగా బతికాడు. పీర్ల పండగలో ఎత్తే, నాడా ఆకారంలో ఉండే నాల్ సాహెబు పీరును తలుచుకుని, మూడో పొయ్యి తలుపు పైన ఒక గుర్రపు నాడా కొట్టించుకున్నాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆ నాడా కథ చెప్పేవాడు. కువైట్‌కు వచ్చిన కొత్తల్లో హుస్సేన్ పీరాకు ఈ ఓడలో వేడినీళ్ల బాయిలర్ చూసే పని దొరికింది. ఒకరోజు పెద్ద బాయిలర్ల గదిలోకి లాంతరు పట్టుకుని దిగాడు. నాడా కనపడింది. ఆ రోజు ఇంటికొచ్చి అమీర్‌బీ ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. పెళ్లయిన తర్వాత అతను ఏడవడం ఆమె చూసింది అదొక్కసారే.

అలాంటి మనిషి పేరును పోయిన వారం ఓడ ఆఫీసువాళ్లు కొట్టేశారు. ఛాతీ జబ్బు మనిషిని సముద్రం మీదికి పంపేది లేదన్నారు.

"నా దగ్గు సంగతి వాండ్లకు చెప్పింది అల్లాబకషే," అన్నాడు హుస్సేన్ పీరా ఇప్పుడు. ఆ పూటకు అదే అతని మొదటి పొడుగు మాట. "నా పక్కన నిలబడేటోడు వాడొక్కడే. వాల్వు తిప్పేది వాడు, మంట చూసేది నేను. నా దగ్గు వానికి తెలిసినంత ఎవురికీ తెల్దు. ఇన్నేండ్ల సావాసం! వాని మొగం సూడను ఇంగ."

"చిన్నాయన అట్ల చెప్పేటోడు కాదు నాయనా," అన్నాడు అన్వర్.

"మరి గోడలు చెప్పినాయా?"

అమీర్‌బీ గంటెను గిన్నెలో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

"ఆయప్ప కాదు," అంది. "నేను."

ఏసీ డబ్బా గుర్రుగుర్రుమని తిరుగుతోంది. బయట మామా మనవళ్లు సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఎవురికి చెప్తివి?" అన్నాడు హుస్సేన్ పీరా.

"మామాకు. ఓడ అమ్మకం మాట్లాడింది మామా వాళ్లన్నే గదా. ఫోను చెయ్యమని అడుక్కుంటి. నా మొగుడు రగతం కక్కుతాండాడు, ఓడెక్కితే తిరిగి రాడు అని చెప్తి."

"నేనెప్పుడు కక్కితి?"

"కక్కుతావేమోనని భయమాయె."

"నీకు భయమైందంతా జరిగినట్లేనా?"

నిజానికి ఆమె లోకంలో ఆ రెండింటికీ మధ్య గోడ ఎప్పుడూ పలచనే. ఫోను మోగితే చాలు, ఎవరో పోయారని ఆమె గుండెల్లో అప్పటికే శవం లేచేది.

"సరిపాయ," అన్నాడు అన్వర్ లేచి చెయ్యి కడుక్కుంటూ. "నాయనను ఆపితివి. అందుకే నేను పోవాల్సొచ్చె. నువ్వు గమ్మునుండింటే నేను గ్యారేజీలో లారీ కింద పండుకొని నా పని నేను చేసుకుంటా ఉందును. ఇప్పుడు మామా చేత నాకు గూడా ఏదన్నా రోగం పుట్టియ్యి, సూద్దాం."

అమీర్‌బీ వేసిన అడ్డుగోడ మీదనే కాలుపెట్టి కొడుకు సముద్రంలోకి దూకుతున్నాడు.

"నాగూర్ దర్గాలో మీరా సాహెబుకు వెండి ఓడ మొక్కినాన్రా," అంది గొణుగుతూ. "మీ నాయన ఓడెక్కకపోతే ఒకటి. ఇప్పుడు నీకొకటి."

"నువ్వు ఇంతవరకూ మొక్కిన ఓడలన్నీ ఇచ్చేస్తే నాగూరులో ఇంకో రేవు కట్టాల," అన్నాడు హుస్సేన్ పీరా. నవ్వలేదు. పళ్లెం పక్కకు జరిపి, అప్పుడు అడిగాడు, ఆ వారమంతా ఎవరూ అడగని మాట. "సోమవారం బాయిలర్ రగిలిస్తారు. అగ్గి ఇస్తావా, ఇయ్యవా?"

*

అది ఆగ్‌వాలాల ఆచారం. బయటివాళ్లకు తెలియదు. దొరలకు అసలే తెలియదు.

చల్లబడిపోయిన బాయిలర్‌ను అగ్గిపుల్లతో వెలిగించరు. అన్నం ఉడికిన పొయ్యిలోంచి, ఇంటి ఆడమనిషి తన చేత్తో తీసిచ్చిన నిప్పుతోనే వెలిగించాలి. అంత పెద్ద ఓడ కడుపులో మండేది ఒక ఇంటి నిప్పయితే, అది ఆకలిగొన్న నిప్పు కాదనీ, తన వాళ్లను తినదనీ వాళ్ల నమ్మకం. బొంబాయిలో ఆగ్‌వాలాలకు వండిపెట్టే పూటకూళ్ల అమీనాబీ అనే ఆమె ఖాదర్ వలికి పెనంలో నిప్పులు పోసిచ్చేది. "మళ్లా తెచ్చియ్యి" అనేది. ఓడ దేశాలు తిరిగి వచ్చాక, పొయ్యిలోంచి నాలుగు నిప్పులు అదే పెనంలో తెచ్చి ఆమె పొయ్యిలో పోసేవాడు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. మంట పెట్టిన చెయ్యే మంటను ఆర్పాలి. అంతవరకూ ఆ మనిషి ఓడ దిగకూడదు. దించే హక్కు ఓడ పనివాళ్ల పెద్ద అయిన సారంగుకు కూడా లేదు.

"ఇయ్యను," అంది అమీర్‌బీ. "మళ్లా తెచ్చియ్యమని చెప్పి ఇచ్చే అగ్గి అది. ఇసుకలోకెక్కి సచ్చిపొయ్యే ఓడ నా అగ్గిని యాడ తెచ్చిస్తాది? తిరిగిరాని దానికి నేను అగ్గియ్యను."

"నేను తెస్తాలేమ్మా, లాంతర్లో పెట్టుకోని."

"విమానంలో లాంతరు ఎక్కనిస్తార్రా తిక్కలోడా?"

అన్వర్ చెప్పులు వేసుకుని బస్సుకు పోయాడు. హుస్సేన్ పీరా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముగ్గురి పళ్లాల్లోనూ అన్నం అలాగే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం, విల్లా అంతా నిద్రపోయే వేళ, వంటింటి చల్లని బండ మీద నడుం వాల్చిన అమీర్‌బీకి కల వచ్చింది.

ఎప్పుడూ వచ్చే కలే. ఆమె ఆ ఓడలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. నీళ్లంటే ఆమెకున్న భయానికి రేవు గేటు దాకా కూడా పోలేదు. కానీ మామగారు మొగుడికీ, మొగుడు తనకూ చెప్పిన కథలన్నీ కలిసి ఆమె నిద్రలో ఎప్పుడో ఒక ఓడ కట్టేశాయి. అది షువైఖ్‌లో తుప్పుపట్టిన ఓడ కాదు. కొత్తది. కిటికీలన్నీ వెలుగుతున్నాయి.

పెద్ద భోజనాల గదిలో ఫిడేళ్లు వాయిస్తున్నారు. ఓడ ఒక పక్కకు మెల్లగా ఒరుగుతుంది, మళ్లీ ఇంకో పక్కకు. తెల్ల కోట్లు వేసుకున్న బట్లర్లు ఆ ఒరుగుకు తమ నడుమును ఇటు వంచి, అటు వంచి, పళ్లెంలో సూపు ఒక్క బొట్టు ఒలకకుండా నడుస్తున్నారు. వాళ్ల కింద అంతస్తులో రొట్టెలు కాలే వాసన. దాని కింద దుప్పట్లు ఇస్త్రీ చేసేవాళ్లు, ఆవిరిలో సగం మాయమై, ఎవరి చేతులు ఎవరివో తెలియకుండా తెల్ల గుడ్డలు మడుస్తున్నారు. పైన ఎక్కడో ఒక దొరసాని గంట నొక్కుతుంది. స్నానానికి వేడినీళ్లు కావాలి. ఆ గంట మెట్లు దిగి, గోడల్లోంచి, గొట్టాల్లోంచి దిగి దిగి, అన్నిటికన్నా అడుగున ఉన్న గదిలో మోగుతుంది.

అక్కడ వెలుతురంతా ఎర్రనిది. పళ్ల మధ్య తడిగుడ్డ కరుచుకుని మనుషులు నిలబడి ఉన్నారు. గంట మోగగానే పొయ్యి తలుపు తెరవాలి, పార నిండా బొగ్గు విసరాలి, మూయాలి. మళ్లీ గంట. మళ్లీ తలుపు. గంట ఆగదు, వాళ్లూ ఆగరు. పని దిగినవాళ్లు పైకొచ్చి, దొరల కుర్చీలకు కనపడని మూల, పలకల మీద వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని గుక్కలు గుక్కలుగా పీల్చుకుంటున్నారు.

కలలో అమీర్‌బీ ఎర్ర తివాచీ మీద నడుస్తోంది. చేతిలో నిప్పుల పెనం. రెండు పక్కలా ఇత్తడి అంకెలున్న తలుపులు. ఒక్కో తలుపు వెనక ఎవరో దగ్గుతున్నారు. ఆమె చెవి ఆనించింది. మొగుడి దగ్గే. పక్క తలుపు. అదే దగ్గు. ఆ పక్క తలుపు దగ్గర మాత్రం దగ్గు లేదు. పసివాడైన అన్వర్ గొంతు, "అమ్మా, బువ్వ" అంటోంది. తలుపు తోస్తే లోపల గది లేదు. పచ్చటి నీళ్లు నిలువుగా, అద్దంలా నిలబడి ఉన్నాయి.

"అమీరా! యా అమీరా!"

మామా భుజం పట్టి కుదుపుతోంది. అమీర్‌బీ లేచి కూర్చుంది. చెంపలు తడిగా ఉన్నాయి.

మామా పెద్దామె. మోకాళ్ల నొప్పులు. ఆ మనిషి వంటింట్లోకి వచ్చి, ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి తయారుచేసుకున్న భాషలో, సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు, అమీర్‌బీ అంతా చెప్పింది. తను ఫోను చేయించడం, కొడుకు బయల్దేరడం, అగ్గి అడగడం.

"నా తప్పే మామా. ఒకరిని ఆపితే ఇంకొకరు పోతాండారు."

మామా నాలుక చప్పరించింది. తర్వాత ఒక సంగతి చెప్పింది. నూనె బావులు పడకముందు ఈ ఊళ్లో మగవాళ్లందరూ వేసవిలో ముత్యాల కోసం సముద్రం మీదికి పోయేవాళ్లు. నెలల తరబడి కబురుండేది కాదు. ఎదురుచూసి ఎదురుచూసి ఓపిక చచ్చాక ఆడవాళ్లందరూ గుంపుగా సముద్రం ఒడ్డుకు పోయేవాళ్లు. ఎండిన ఖర్జూరపు మట్టకు నిప్పంటించి, మండుతున్నదాన్ని తీసుకుపోయి సముద్రానికి వాత పెట్టేవాళ్లు. నీకు దేవుడి భయం లేదా, మా వాళ్లను ఇంక వదులు, అని దాన్ని తిట్టేవాళ్లు.

"మా అమ్మమ్మ పెట్టింది," అంది మామా, ఏదో పక్కింటి పిల్లాడి వీపు మీద పెట్టినట్టు. "నేను చిన్నదాన్ని. చుయ్యిమన్నది. నేను విన్నాను."

"వాతలకు సముద్రం భయపడిందా మామా?"

"కొందరు వచ్చారు," అంది. "సముద్రం భయపడిందో లేదో తెలియదు. మా అమ్మమ్మ మాత్రం మళ్లీ భయపడలేదు." లేచి, మోకాలు పట్టుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "బొగ్గులు నా ధూపం గిన్నె మబ్ఖరా పక్కన డబ్బాలో ఉన్నాయి. మంచివి. బుఖూర్ పొగ వేసేవి."

*

సోమవారం పొద్దున విల్లా పెరట్లో ఇటుకలు మూడు పెట్టి, మామా బొగ్గులతో పొయ్యి రాజేసి, అమీర్‌బీ అన్నం వండింది. గ్యాసు మీద ఉడికిన అన్నం ఆచారానికి పనికిరాదు. గంజి వార్చి, ఇనుప పెనంలో నిప్పులు తీసి, పైన బూడిద కప్పింది. డ్రైవరు తన కారు సీట్లు కాలిపోతాయని మొత్తుకున్నాడు. "యల్లా!" అని, పద అన్నట్టు, మామా ఒక్క అరుపు అరిచి, తనే వెనక సీట్లో కూర్చుంది. రేవు గేటు దగ్గర మామా అన్న పేరు చెబితే తలుపులు తెరుచుకున్నాయి. ఓడ కింద కారు ఆపించుకుని, ఏసీ పెట్టించుకుని, "పోయి రా" అంది మామా. దిగలేదు.

ఓడకూ గోడకూ మధ్య సన్నటి చీలిక. అందులో ముదురాకు రంగు నీళ్లు నాలుకలా ఆడుతున్నాయి. మెట్ల మధ్యలో అమీర్‌బీ ఆగింది. కింద చూడకూడదనుకుంటూనే చూసింది. పెనంలో నిప్పులు బూడిద కింద చిటపటమన్నాయి. చల్లారితే మళ్లీ రాదు. ఎక్కింది.

లోపల ఎవరూ లేరు. కుర్చీలు అమ్మేశారు. తివాచీలు చుట్టి పెట్టారు. కానీ మెట్ల పిట్టగోడ వంపు ఆమెకు తెలుసు. ఇత్తడి అంకెలున్న తలుపుల వరస ఆమెకు తెలుసు. భోజనాల గదిలో అద్దాల దీపాలు, మసకగా, గాలికి ఒకదానికొకటి తగిలి ఏదో పాత పాట మొదలుపెట్టి మరిచిపోతున్నాయి. దారి చెప్పడానికి వచ్చిన మనిషిని దాటుకుని ఆమే ముందు నడిచింది. ఎన్నోసార్లు వచ్చిన ఇల్లే అది.

ఇనుప మెట్లు. ఇంకా ఇనుప మెట్లు. అడుగున గది.

ముగ్గురూ అక్కడే ఉన్నారు. వాల్వు దగ్గర అల్లాబకష్, అతనికి వీపు తిప్పి నిలబడ్డ హుస్సేన్ పీరా, నీలం బట్టల్లో అన్వర్.

"వదినా! నువ్వు? ఓడలో?" అన్నాడు అల్లాబకష్.

"తప్పంతా నాదే మరిదీ. నీ మీద నింద పడింది. ఈయప్పకు చెప్పినా." మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇంగన్నా మొగం ఇటు తిప్పు."

హుస్సేన్ పీరా తిరిగాడు. అల్లాబకష్ భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరిలో ఒకరు దగ్గారు.

బొగ్గు కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు పొయ్యిలోకి నూనె చిమ్ముతుంది. పొడవైన కడ్డీ చివర నూనెగుడ్డ చుట్టిన కాగడాను రంధ్రంలో పెడితే మంట అందుకుంటుంది. కానీ పొయ్యి అదే. దాని నుదుట నాడా. ఇన్నేళ్ల మసి కింద కూడా వంపు తెలుస్తోంది.

"తెచ్చినావా?" అన్నాడు హుస్సేన్ పీరా. రెండు చేతులూ చాచాడు. "ఇట్లియ్యి. అగ్గి నేను పెడతా. పెట్టినోన్ని దించే హక్కు ఆఫీసోళ్లకు గూడా లేదు. వాడు ఇంటికి పోతాడు."

"నాయనా, మెట్లెక్కితేనే ఆయాసపడతాండావు. జరుగు." అన్వర్ అతన్ని దాటి వచ్చి చేతులు చాచాడు. "నాకియ్యమ్మా."

నాలుగు చేతులు. ముసలి చేతుల మీద కాలిన మచ్చలు ఆమెకు ఒక్కొక్కటీ తెలుసు. కుర్ర చేతుల మీద గ్రీజు. మొదటిసారి ఆ వేళ్లు తన వేలు పట్టుకున్న రోజు కూడా తెలుసు. ఎవరి చేతిలో పెనం పెడితే వాళ్లు పోతారు. పెట్టకపోతే తాడు కట్టి ఈడ్చుకుపోతారు. మొగుడు అది చూస్తూ ఒడ్డున నిలబడి, ఆ తర్వాత ఎక్కువ కాలం నిలబడడు. ఆ ఒక్క భయం మాత్రం ఉట్టి భయం కాదని ఆమెకు తెలుసు.

పెనం నేల మీద పెట్టింది. బూడిద ఊదింది. నిప్పులు కళ్లు తెరిచాయి.

"పక్కకు జరగండి," అంది.

గోడకున్న కాగడా తీసుకుంది. అనుకున్నంత బరువు లేదు. నిప్పుల్లో ముంచితే గుడ్డ భగ్గుమంది. రెండు అడుగులు. నాడా కింద రంధ్రంలోకి దాన్ని తోసింది.

అల్లాబకష్‌ది ఎన్నో ఏళ్ల అలవాటు. కాగడా లోపలికి పోవడం కంట పడితే అతని చెయ్యి తనంతట తానే వాల్వు తిప్పుతుంది. తిప్పింది. పొయ్యి లోపల ఏదో పెద్ద జంతువు నిద్రలోంచి ఊపిరి తీసుకున్నట్టు ఒక మోత. ఎర్రని వెలుతురు వచ్చి నలుగురి ముఖాల మీద పడింది. ఆమె కలలో వెలుతురే.

"ఏం పని చేస్తివి వదినా!" అల్లాబకష్ తన చేతిని చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు.

"అమ్మా!"

"అమీరూ," అన్నాడు హుస్సేన్ పీరా మెల్లగా. "అగ్గి పెట్టిన చెయ్యి..."

"నాకు తెల్దా? పెండ్లయిన కాన్నించి నువ్వు చెప్పిందే గదా." ఆమె కాగడాను బయటికి లాగి, ఇసుక బక్కెట్లో గుచ్చింది. "వాడు ఓడను నడిపిస్తాడు. వానికి అన్నం నేనొండిపెడతా. అక్కడ ఈ మంట నేనార్పి, నాలుగు నిప్పులు పట్టుకోని దిగుతా. విమానం వొద్దు, రైల్లో మనూరికి పోతా. మీ అమ్మ పొయ్యి ఇంకా ఉండాది గదా. దాంట్లో పోస్తా. నువ్వు రుమైథియాకు పోయి మందు తాగి పండుకో."

"నీకు నీళ్లంటే భయం గదే!"

"భయమే." ఆమె బాయిలర్‌కు ఎదురుగా, చల్లటి ఇనుప నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "వాడు పోతే ఒడ్డున కూర్చోని భయపడాల. వానితో పోతే వాని పక్కన కూర్చోని భయపడతా. యాడైనా ఒకటే గదా. మామా కింద కార్లో ఉండాది, ఎవురన్నా పోయి చెప్పండి. రెండు నెల్లు రొట్టెలు ఆయమ్మే చేసుకోవాల."

అన్వర్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఎటో పోయింది. వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

వీపు వెనక ఇనుప గోడ. దానికి అవతలి వైపు నుంచి ఏదో మెత్తగా, తెరిపి లేకుండా తడుతోంది. అదేమిటో ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. నీళ్లు. తన తల కంటే ఎత్తున, ఒక్క రేకు అవతల.

పైన ఎక్కడో బూట్ల చప్పుడు. ఇనుప మెట్ల మీద ఒక అంతస్తు దిగింది. ఇంకో అంతస్తు. చీఫ్ సాబ్ రైలింగు మీద చెయ్యి పెట్టి కిందికి వంగి, పొయ్యి కన్నంలోంచి వస్తున్న వెలుగును చూశాడు. నేల మీద కూర్చున్న ఆడమనిషినీ చూశాడు.

"కిస్‌నే జలాయా?" ఎవరు వెలిగించారని అడిగాడు.

హుస్సేన్ పీరా చెయ్యి లేచింది. అన్వర్ చెయ్యీ లేచింది. వాటిని ఆనుకుని, మసి అంటిన ఇంకో చెయ్యి, గాజులు గలగలమంటూ ఆ రెండింటికన్నా పైకి లేచింది.